వాగ్దాన కార్డును బోర్లించిన రోజుల్లో స్తుతిని ఎలా నిలుపుకోవాలి

2016 డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక పాస్టరు అయ్యగారు వాగ్దాన కార్డులున్న పళ్లెం పట్టుకుని వరుస వెంట వచ్చారు. కొత్త ఏడాదికని ఒక్కోదాని మీద ఒక బైబిలు వచనం ఉండే కార్డులవి. కళ్లు మూసుకుని ఒకటి తీసుకున్నాను. యిర్మీయా 29వ అధ్యాయం, 11వ వచనం. దేవుడు తన ప్రజల గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని చెప్పే మాట. ఆంధ్ర సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో మా ఇంటి బీరువా అద్దానికి దాన్ని అంటించాను. మార్చిలో మావారి కాళ్లకు వాపు వచ్చింది. ఏప్రిల్‌లో రెండు మూత్రపిండాలూ దెబ్బతిన్నాయని తేలింది. మే నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒక రాత్రి ఆ కార్డును అద్దం మీద నుంచి ఊడదీసి బీరువా పైన బోర్లా పెట్టాను. చింపలేదు. చింపే ధైర్యం లేదు, చదివే ఓపికా లేదు.

మీ ఇంట్లోనూ అలా బోర్లించిన కార్డు ఒకటి ఉంటే ఇది మీ కోసం రాస్తున్నాను. నేను బోధకురాలిని కాను, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషిని. ఆ రెండేళ్లలో నాకు పనికొచ్చినవి, అక్కరకు రానివి రెండూ చెబుతాను. వీటిని ఈ వరుసలోనే చేయమని నా సలహా. నేను తలకిందులుగా మొదలుపెట్టి చాలా నెలలు పోగొట్టుకున్నాను.

ముందు అన్నం, నిద్ర

కష్టం రాగానే మనవాళ్లు మొదట చెప్పేది ఉపవాస ప్రార్థన. నేనూ చేశాను. మూడో వారానికి ఆసుపత్రి మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. రోగికి తోడు వెళ్లినదాన్ని, నాకే ఒకరు తోడు రావలసి వచ్చింది.

రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీయండి. ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూలబడి ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. అప్పుడు వచ్చిన దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే.

కాబట్టి మొదటి వారం పెద్ద తీర్మానాలేవీ వద్దు. రెండు పూటలా వేడిగా తినండి. రోగి దగ్గర రాత్రి కాపలాకు ఇంకొకరిని అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు, సంఘం ఉన్నది దానికే. ఉపవాసం చేయాలనిపిస్తే మీ పేరున చేయమని ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చెప్పండి. మా ఇంటి ప్రార్థన కూటంలో ముగ్గురు ఆడవాళ్లు నా వంతు కూడా చేశారు. నేను అన్నం తిన్నాను.

ఫిర్యాదు రాయడం నేర్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, మన సంఘాల్లో ఎవరూ నేర్పనిదీ ఇదే. గుండె మండిపోతుంటే పైన స్తోత్రం అనే మూత పెట్టేస్తాం. లోపల ఉడికేది ఉడుకుతూనే ఉంటుంది. మూత తీయడం అవిశ్వాసం అనుకుంటాం. కీర్తనల గ్రంథం అలా అనుకోలేదు. అందులో ఎన్నో కీర్తనలు మొరలు, ఫిర్యాదులే. 13వ కీర్తన ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల నిండా ఎన్నాళ్లు, ఎంతకాలం, ఎంతవరకు అన్న నిలదీతే. 88వ కీర్తన అయితే చివరికి కూడా తేరుకోదు, చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అది కూడా పాడుకునే పాటే. ప్రధాన గాయకుడి కోసమని పైన రాసి మరీ ఉంచారు. అలాంటి పాటను పరిశుద్ధ గ్రంథంలో ఉండనిచ్చిన దేవుడు మీ ఏడుపుకు నొచ్చుకుంటాడా?

ఎలా రాయాలో చెబుతాను. కాగితం ఏదైనా సరే, నేను మందుల చీటీల వెనక రాసేదాన్ని. 13వ కీర్తనను పక్కన పెట్టుకుని దాని నడకనే పట్టుకోండి. మొదట ఆయన పేరు పెట్టి పిలవండి. ఇది చిన్న విషయం కాదు. మనం కోపంలో దేవుడి గురించి పక్కవాళ్లకు చెబుతాం, ఆయనకు మాత్రం చెప్పం. ఆయన ముఖం చూసి పోట్లాడడం ప్రార్థన. ఆయన వెనక గొణగడం వేరు. పిలిచాక జరిగింది జరిగినట్లు రాయండి. “నేను చాలా శోధనలో ఉన్నాను ప్రభువా” అని పైపైన రాస్తే లాభం లేదు. నా చీటీ ఒకటి ఇప్పటికీ ఉంది, అందులో ఇలా ఉంది: “ప్రభువా, ఈ రోజు నీళ్లు అరలీటరుకు మించి తాగకూడదన్నారు. మావారు గ్లాసు నా చేతిలోనుంచి లాక్కోబోయారు. నేను అరిచాను. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అరవలేదు. ఇది నువ్వు చూశావా?”

తర్వాత మీకు కావలసింది అడగండి. నీ చిత్తమైతే అని మొదటే తప్పించుకోకండి. మార్కు రాసినదాన్ని చూడండి, గెత్సేమనేలో యేసు ముందు అడిగాడు, ఆ తర్వాతే నీ చిత్తం అన్నాడు.

చివరది మలుపు. 13వ కీర్తన అయిదో వచనంలో తెలుగు బైబిలు “నేనైతే” అంటుంది. ఆ ఒక్క మాట మీద కీర్తన మొత్తం తిరుగుతుంది. పరిస్థితి మారినట్లు ఎక్కడా లేదు, శత్రువు ఇంకా అక్కడే ఉన్నాడు. కీర్తనకారుడు మాత్రం నేనైతే నీ కృపను నమ్ముకున్నాను అని నిలబడ్డాడు. మీ చీటీ చివర కూడా “నేనైతే” అని రాయండి. దాని తర్వాత ఏమీ తోచకపోతే ఖాళీగా వదిలేయండి. నా చీటీల్లో సగం ఆ మాట దగ్గరే ఆగిపోయాయి. ఆ ఖాళీ అబద్ధపు స్తోత్రం కంటే నయం. స్తుతికి మొదటి సగం ఫిర్యాదేనని నా నమ్మకం. మొదటి సగం మింగేసినవాళ్లకు రెండో సగం గొంతు దాటి రాదు.

ఒక్క పాట ఎంచుకోండి

పది పాటలు వద్దు, ఒక్కటే. మీకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చినదై ఉండాలి. కష్టకాలంలో కొత్త పాటలు నేర్చుకోలేం. ఫోనులో వాయిద్యాల హోరుతో వచ్చే పాటలు వినడం మంచిదే గాని, వినడం పాడడం కాదు. మన నోరు కదలాలి.

ఈ విషయంలో పాత కీర్తనలకు సాటి లేదంటాను. పల్లవి చిన్నది, మళ్లీ మళ్లీ వస్తుంది, చరణం మరిచిపోయినా పల్లవి మిమ్మల్ని మోస్తుంది. మా ప్రాంతంవాళ్లం ఇంకో కారణానికి కూడా వాటిని దగ్గర చేసుకుంటాం. తెలుగు క్రైస్తవ కీర్తనలకు పెద్దదిక్కైన పురుషోత్తమ చౌదరి 1803లో ఈ పర్లాకిమిడి ప్రాంతంలోనే పుట్టారు. 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందారు. తెలుగు పాటకు ఒడియా ఊరి నీళ్లు అప్పుడే తగిలాయన్నమాట.

పాడే వేళ ఒకటి ఖాయం చేసుకోండి. నాకు ఉదయం కుక్కరు పెట్టిన తర్వాత మూడో కూత వచ్చేదాకా ఉన్న సమయం. కష్టంలో ఉన్నవాళ్లకు అంతకు మించి గడువు పెట్టకూడదు. శ్రుతి తగ్గించి పాడండి, గొంతు వణికినా వినిపించదు. పాడలేని రోజు కూనిరాగం తీయండి. అదీ చేతకాని రోజు ఆ పేజీ తెరిచి వంటింటి గట్టు మీద పెట్టండి. నా పాటల పుస్తకంలో ఆ పేజీకి పసుపు, నూనె అంటి అక్షరాలు అవతలికి కనిపిస్తాయి. మిగతా పేజీలు కొత్తగానే ఉన్నాయి.

పాడితే బాధ తగ్గుతుందా అని అడుగుతారేమో. వెంటనే తగ్గదు. అపొస్తలుల కార్యములు 16లో పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి పాడారని చెప్పి, పాడగానే తలుపులు తెరుచుకున్నాయని మనవాళ్లు ఉత్సాహపడతారు. నేను చూసేది అంతకు ముందున్న వచనాలను. వాళ్లను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ, అంటే కొయ్య సంకెల, వేసి ఉంచారు. భూకంపం వస్తుందని వాళ్లకు తెలియదు. తలుపులు తెరిపించడానికి పాడలేదు, ప్రార్థిస్తూ పాడారు, అంతే. నాకైతే ఏ తలుపూ తెరుచుకోలేదు. కుక్కరు కూసేది, క్యారియరు కట్టుకుని బస్సుకు బయలుదేరేవాళ్లం.

కార్డు కాదు, అధ్యాయం చదవండి

డయాలసిస్ మొదలైన ఆరు నెలలకు బీరువా దులుపుతుంటే ఆ కార్డు కింద పడింది. కోపంగానే బైబిలు తీసి ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. అది యిర్మీయా యెరూషలేము నుంచి బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. కార్డు మీదున్నది 11వ వచనం. 10వ వచనంలో డెబ్బై సంవత్సరాలని ఉంది! అంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇంటి ముఖం చూడరు. మరి వాళ్లను ఏం చేయమన్నాడు? 5వ వచనం నుంచి చూడండి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలం తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పరాయి పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి.

ఆ రోజు నాకు కోపం సగం దిగింది. వాగ్దానం అంటే ఈ సంవత్సరంలోపు అన్నీ చక్కబడతాయన్న హామీ అనుకున్నది నేనే. ఆయన అలా అనలేదు.

కాబట్టి మీ కార్డు ఏ వచనమైనా సరే, ఆ అధ్యాయం మొత్తం చదివి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎవరితో అన్నాడు, వాళ్లు అప్పుడు ఏ స్థితిలో ఉన్నారు, అప్పటిదాకా ఏం చేస్తూ ఉండమన్నాడు. మూడోదానికి జవాబు దొరికితే ఆ వారం అది చేయండి. నేను పెరట్లో రెండు బొప్పాయి మొక్కలు నాటాను. తోటలు నాటమన్నాడు కదా.

లేనివాటి జాబితా

2018 అక్టోబరు 11 తెల్లవారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. దారులు తెగిపోయి ఆ వారం మాకు ఒక డయాలసిస్ తప్పింది. వీధి నిండా కొబ్బరికాయలు రాలి పడి ఉన్నాయి. తాగే నీళ్లు లేక ఊరంతా బోండాలు కొట్టుకుని తాగుతోంది. మావారు మాత్రం తాగకూడదు. కొబ్బరినీళ్లలోని పొటాషియం ఆ జబ్బువాళ్లకు ప్రమాదం. ఇంటి ముందు అన్ని కాయలుండగా నాలుక తడుపుకోవడానికి ఆయనకు నేను తడిగుడ్డ ఇచ్చాను.

ఆ వారమే మా కూటంలో హబక్కూకు మూడో అధ్యాయం చివర చదివారు. అంజూరం పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, ఒలీవ కాపు లేకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు లేకపోయినా అని ఆరు నష్టాలు వరుసగా లెక్కపెట్టి, అయినా ప్రభువులో ఆనందిస్తానంటాడు ప్రవక్త. చదివిన తర్వాత పాస్టరు అమ్మగారు అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, ఎవరి ఆరు వాళ్లు రాయమన్నారు. కొండ మీద నుంచి వచ్చిన సవర గిరిజన కుటుంబం జీడితోట, పనస చెట్టు, ఇంటి పైకప్పు అని చెప్పి రాయించుకుంది. నేను రాసిన ఆరోది కొబ్బరినీళ్లు.

మీరూ రాయండి. దీనిలో కిటుకు ఒక్కటే, నష్టాలను వాటి పేర్లతో రాయాలి. మామూలుగా మనం దీవెనల జాబితా రాయమంటాం, అది మంచి రోజులకు. చెడ్డ రోజుల్లో ముందు లేనివాటిని లెక్కపెట్టినవాళ్లకే ఉన్నవాడు కనిపిస్తాడు. రాసిన కాగితాన్ని గట్టిగా ఒకసారి చదివి బైబిల్లో పెట్టేయండి. రోజూ తీసి చూడవద్దు.

గొంతు లేనప్పుడు పక్కవాళ్ల గొంతు

ఆదివారం మానవద్దు. వెళ్లి చివరి వరుసలో కూర్చోండి, పాడకపోయినా ఫరవాలేదు. పక్షవాతం వచ్చినవాణ్ని నలుగురు మోసుకొచ్చి పైకప్పు విప్పి దించారు. యేసు వాళ్ల విశ్వాసం చూశాడని మార్కు రాశాడు. మంచం మీద ఉన్నవాడు ఏమి నమ్మాడో చెప్పలేదు. కొన్నాళ్లు మీరు మంచం మీద ఉండండి.

మా సంఘంలో ప్రార్థన మూడు భాషల్లో సాగుతుంది, తెలుగు, ఒడియా, సవర. ఒకసారి నా పక్కన కూర్చున్న సవర పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ప్రార్థించింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్యలో మావారి పేరు రెండుసార్లు వినిపించింది, అంతే. ఆ ప్రార్థనకు ఆమేన్ అన్నంత నిబ్బరంగా నేను దేనికీ అనలేదు.

సాక్ష్యం చెప్పమని బలవంతపెడితే వద్దని చెప్పండి. పచ్చి గాయాన్ని మైకు ముందు విప్పనక్కరలేదు.

పరామర్శకు వచ్చేవాళ్లకు కూడా ఒక మాట. పక్క జిల్లా కంధమాల్‌లో 2008లో ఇళ్లు, మందిరాలు కాలిపోయి శిబిరాల్లో తలదాచుకున్నవాళ్ల సంగతి చెప్పి, దానితో పోలిస్తే నీది ఎంత వదినా అన్నారొకరు. వాళ్ల కన్నీళ్లతో నా నోరు మూయించడం వాళ్లకూ గౌరవం కాదు, నాకూ ఓదార్పు కాదు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద మౌనంగా కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. మీరూ కూర్చోండి, లేచేటప్పుడు గిన్నెలు తోమి వెళ్లండి.

స్వస్థత వేరు, నిరీక్షణ వేరు

మావారు 2019 ఫిబ్రవరిలో ప్రభువు దగ్గరకు వెళ్లారు. స్వస్థత కోసం రెండేళ్లు అడిగాం, దొరకలేదు. దీన్ని దాచిపెట్టి నిరీక్షణ గురించి రాస్తే నేను మోసం చేసినట్లే.

దుఃఖపడవద్దని పౌలు ఎక్కడా అనలేదు. నిరీక్షణ లేనివారిలాగా దుఃఖపడవద్దని థెస్సలొనీకయులకు రాశాడు. ఆ రెండింటి మధ్య తేడా ఈస్టర్ నాడు తెలుస్తుంది. ఆ ఏప్రిల్ 21న చీకటి ఉండగానే సంఘమంతా సమాధుల తోటకు వెళ్లాం. మట్టి ఇంకా కుదురుకోలేదు, సిలువ కర్ర కొంచెం ఒరిగింది. మా అబ్బాయి దాన్ని సరిచేసి చుట్టూ రాళ్లు పేరుస్తుంటే నేను పూలు పరిచాను. తూర్పు తెల్లబడుతుండగా పునరుత్థాన గీతం మొదలైంది. నేను పల్లవి అందుకున్నాను, చరణంలో గొంతు పోయింది, మళ్లీ పల్లవికి కలిశాను.

మీ ఇంట్లో మరణం జరిగి ఉంటే మొదటి ఈస్టర్‌కు తప్పకుండా సమాధి దగ్గరకు వెళ్లండి, ఒంటరిగా కాకుండా సంఘంతో వెళ్లండి. మరుసటి ఏడాది ఏప్రిల్ 12న లాక్‌డౌన్ వల్ల వెళ్లలేకపోయాం. పెరట్లో బొప్పాయి చెట్టు దగ్గర దీపం పెట్టి అదే పాట పాడుకున్నాం.

డాక్టరు అవసరమయ్యే గుర్తులు

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, చచ్చిపోతే బాగుండుననిపించడం, ఇవి విశ్వాసం తగ్గిన గుర్తులు కావు. డాక్టరుకు చూపించండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్‌లో మానసిక ఆరోగ్య సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. చనిపోవాలన్న తలంపు ఉంటే ఆ మాట ఈ రోజే ఒక మనిషితో అనండి, ఒంటరిగా ఉండకండి. మందు మింగుతూ కూడా స్తోత్రం చెప్పవచ్చు.

పాటను ఇంట్లో పిల్లలకు అప్పగించండి

సరిహద్దు ఇళ్లలో ఇది కొంచెం కష్టం. పిల్లలు ఒడియా బడుల్లో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని తెలుగు అక్షరాలు రావు. పాటల పుస్తకం ఇస్తే తిరగేసి పట్టుకుంటారు. తెలుగు నేర్చుకోమని పోరు పెట్టే ముందు ఒక నోటుబుక్కు కొని, మీరు చెబుతుంటే వాళ్ల చేతనే పాటలను ఒడియా లిపిలో రాయించండి. వారానికి ఒక చరణం చాలు. మీరు పాడలేని రోజు ఇంట్లో ఇంకో గొంతు ఉంటుంది.

మా మనవరాలు అలా పద్నాలుగు పాటలు రాసుకుంది. ఒడియాలో అక్షరం విడిగా ఉంటే అకారం కాస్త ఒకారంలా పలుకుతుంది. అందుకని చూసి పాడినప్పుడల్లా కరుణ అన్నచోట కొరుణ అంటుంది. మొదట్లో దిద్దేదాన్ని. ఒక రోజు కుక్కరు మూడు కూతలు కూసినా నా నోటికి పాట రాలేదు. అది బడికి జడ వేయించుకుంటూ, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని, “మామ్మా, ఈ రోజు నేను పాడతాను” అని ఎత్తుకుంది. కొరుణ అనే పాడింది. నేను జడ అల్లుతూ అలాగే కలిశాను.